కివీ, కకపో: ఒకే చీకటి, రెండు బతుకులు

రెండూ న్యూజిలాండ్ పక్షులే. రెండూ ఎగరలేవు, ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతాయి. పేరు కివీకి వచ్చింది కానీ, నా మనసు మాత్రం కకపో దగ్గరే ఆగిపోతుంది.

కివీ వాసన మీద బతుకుతుంది. దాని ముక్కు రంధ్రాలు ముక్కు కొసన ఉంటాయి. మట్టిలోకి గుచ్చి, వాసన పట్టి, వానపామును బయటికి లాగుతుంది. గుడ్డు తల్లి బరువులో దాదాపు 20 శాతం! గోధుమరంగు కివీల్లో దాన్ని పొదిగేది తండ్రే, రెండున్నర నెలల దాకా.

కకపో చిలుక. ఆకులు, పండ్లు, గింజలే తిండి. మగది 4 కిలోల దాకా తూగుతుంది. జతకట్టే కాలంలో అది నేలలో గిన్నెలాంటి గుంట చేసుకుని, అందులో కూర్చుని, ఛాతీ బంతిలా ఉబ్బించి 'బుమ్మ్... బుమ్మ్' అంటుంది. ఆ పిలుపు కిలోమీటర్ల దూరం పోతుంది. అదీ ఏటా కాదు, రిము చెట్లు బాగా కాసే ఏడాదే. తర్వాత పిల్లల్ని పెంచే భారమంతా తల్లిదే.

ప్రమాదం వస్తే పెద్ద కివీ కాళ్లతో తన్నగలదు. ముంగిసలా ఉండే చిన్న వేటజంతువులు స్టోట్లు; వాటికి ఎక్కువగా బలయ్యేది కివీ పిల్లలే. అందుకే కొన్నిచోట్ల గుడ్లు సేకరించి, పిల్లలు కిలో బరువు దాటాక అడవిలో వదులుతారు. కకపో మాత్రం కదలకుండా నిలబడిపోతుంది. కంటితో వేటాడే గద్దల దగ్గర ఆ ఉపాయం పనిచేసేది. వాసన పట్టే పిల్లులు, స్టోట్ల ముందు ఏం లాభం? 1995లో మిగిలినవి 51. వాటిని వెన్యువా హోవు లాంటి చిన్న దీవుల్లో కాపాడుకుంటూ వస్తే, 2022కి 250 దాటాయి.