మాంత్రికుల గిల్డు నడపడానికి డిస్కార్డ్: నా సమీక్ష

ఆన్‌లైన్ రోల్‌ప్లే (పాత్రలు ధరించి కథ ఆడే) బృందంలో మాంత్రికుల గిల్డు, అంటే సంఘం, బాధ్యత నాది. ఆ పనికి మేము డిస్కార్డ్‌ను వాడుతున్నాము. గేమర్ల సంభాషణల కోసం 2015లో మొదలైన ఈ సేవ, కథ రాస్తూ ఆడేవారికి కూడా ఎంతో అనువుగా ఉంది.

మా గిల్డులో శిష్యులు, సాధకులు, ఆచార్యులు అనే అంచెలున్నాయి. ఒక్కో అంచెకు ఒక్కో రోల్ (సభ్యుల హోదా) సృష్టించి, ఏ రోల్ ఉన్నవారికి ఏ ఛానల్ (సంభాషణ గది) కనిపించాలో నిర్ణయించే వీలుంది కనుక, నిషిద్ధ మంత్రాల గ్రంథాలయం ఆచార్యులకు తప్ప ఇతరులకు తెరుచుకోదు. శిష్యుడు పరీక్ష నెగ్గి కొత్త రోల్ అందుకోగానే, అంతవరకు లేని గది అతని తెరపై ప్రత్యక్షమవుతుంది. ఎంత చక్కటి వర్ణనైనా ఆ అనుభూతికి సాటిరాదని నా నమ్మకం.

2022లో వచ్చిన ఫోరమ్ ఛానళ్లు మంత్రాల పట్టికకు బాగా ఉపకరిస్తాయి. ఒక్కో మంత్రానికి ఒక పోస్టు పెట్టి, అగ్ని, జలం, భ్రాంతి అని ట్యాగులు తగిలిస్తే వెతకడం తేలిక. ఆటలో పాచికలు వేయడానికి విడిగా ఒక బాట్‌ను (తనంతట పనిచేసే ప్రోగ్రామ్‌ను) చేర్చుకోవాలి.

ఉచిత ఖాతాలో సందేశానికి 2000 అక్షరాలే పరిమితి. డబ్బు చెల్లించే నైట్రో చందాదారులకు అది 4000. తెలుగులో గుణింతపు గుర్తులు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి, దీర్ఘమైన మంత్రయుద్ధ ఘట్టాన్ని రెండు మూడు సందేశాలుగా విడగొట్టక తప్పదు.

గిల్డు పెద్దలు రోల్ ఇచ్చే ముందు, ఆ రోల్ కళ్లతో సర్వర్‌ను (డిస్కార్డ్‌లో గిల్డు గదులన్నీ ఉండే చోటును) చూపించే సదుపాయాన్ని తప్పక వాడి, రహస్య గదులేవీ బయటపడలేదని నిర్ధారించుకోవాలి.