తిరుపతిలో నెట్‌సూట్ కస్టమైజేషన్ చేయించుకునేవాళ్ళు జాగ్రత్త

ఇంకా కోపం దిగలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

చిత్తూరులో మాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, నేను అకౌంట్స్ చూస్తాను. మా లెక్కలన్నీ నెట్‌సూట్ అనే ఆన్‌లైన్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. అందులో సప్లయర్లకు మేము కట్టాల్సిన బాకీల రిపోర్టు రాయించడానికి తిరుపతిలో ఒకాయనకు 60 వేలు ఇచ్చినాము. పేరు రాయను, ఈ పని చేయించుకున్నవాళ్ళకు ఎవరో తెలిసిపోతుంది. మొదట లెక్క సరిగ్గానే ఉండింది. తోతాపురి సీజను ముందు చిన్న మార్పు అడిగితే చేసిచ్చినాడు.

సోమవారం రిపోర్టు తీస్తే బాకీ 74 లక్షలు! ఓనరు బెదిరిపోయి గడువు తీరని ఎఫ్‌డీ తీయించేసినాడు. అసలు బాకీ 18 లక్షలే. వడ్డీ పోయింది. ఫోన్ చేస్తే "నేనేమీ ముట్టుకోలేదు, మీవాళ్ళే ఏదో కెలికినారు" అన్నాడు. నమ్మి మా పిల్లోళ్ళను అరిచినా, అది తలుచుకుంటే సిగ్గేస్తోంది.

రాత్రి మా మేనకోడలు ఫైలు తెరిచింది. డేటాబేసులోంచి లెక్కలు తెచ్చే క్వెరీ (ఎస్‌క్యూఎల్ భాషలో రాసేది) పదకొండు లైన్లు. ఒక్కోదాన్నీ కొటేషన్లలో పెట్టి ప్లస్‌లతో అతికించినాడు. కంటికి పదకొండు లైన్లే గానీ, కొత్త లైను గుర్తు ఎక్కడా లేదు, అతికినాక అంతా ఒకే పొడుగు లైను. ఎస్‌క్యూఎల్‌లో రెండు గీతలు పెడితే ఆ లైను చివరిదాకా కామెంటే, అంటే కంప్యూటర్ దాన్ని పట్టించుకోదు. తొమ్మిదో లైను చివర రెండు గీతలు పెట్టి మార్పు తేదీ, తన పొట్టిపేరు రాసుకున్నాడీయన! దాని వెనకున్న మెయిన్‌లైన్ షరతు (బిల్లుకు ఒక్క ముఖ్య లైనునే తీసుకోమనేది) కామెంటులో కలిసిపోయింది. ఎర్రర్ కూడా రాలేదు, అదీ ఘోరం. ఆ షరతు లేకపోతే బిల్లు మొత్తం అందులోని ప్రతి లైనుకూ ఒకసారి వస్తుంది. నాలుగు ఐటమ్‌ల బిల్లు, ముఖ్య లైనుతో కలిపి ఐదుసార్లు కూడింది. "నెట్‌సూట్ స్క్రిప్టు వెర్షను 2.1 అనే ఉంది మామా, కొటేషన్లకు బదులు బ్యాక్‌టిక్‌ల (` గుర్తుల) మధ్య రాసుంటే లైన్లు లైన్లుగానే ఉండేవి. ఈ స్క్రిప్టు రాసే భాష జావాస్క్రిప్టే, అందులో 2015 నుంచీ ఉన్నదే" అనింది.

పొద్దున్నే ప్రింటు తీసుకుని ఆయన ఆఫీసుకు పోయినా. ఆయన పేరు, ఆయన తేదీ, ఆయన ముందే పెట్టినా. కనీసం తల దించలేదు. కాగితం నా వైపు తోసేసి, నలుగురు కుర్రాళ్ళ ముందర, "పోన్నా, పోయి మామిడికాయల తూకం చూసుకో. కోడు నీకెందుకు? సరిచేయాలంటే ఇంకో 15 వేలు" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా లెక్కలు రాస్తున్నా, ఒక్క మనిషీ నన్ను అట్లా అనలేదు.

తప్పు నాదీ ఉంది. మార్పు చేసిన రోజే రెండు బిల్లులు చేత్తో కూడి చూసుంటే బయటపడేది. డబ్బంతా ముందే ఇచ్చేసినా.

మీరు చేయించుకునేటప్పుడు స్క్రిప్టు 2.1లోనే రాయమనండి, 2.0లో బ్యాక్‌టిక్ పనిచేయదు. సప్లయర్ పేరును నేరుగా క్వెరీలో దూర్చనివ్వకండి, దాని చోట ప్రశ్న గుర్తు పెట్టి విలువను విడిగా పంపమనండి. పేరులో ఒక్క కొటేషన్ గుర్తు ఉన్నా క్వెరీ అక్కడే తెగుతుంది. చివరి వాయిదా మాత్రం బిల్లులు కూడి చూసుకున్నాకే ఇవ్వండి.