షాన్ ఆఫ్ ది డెడ్, అటాక్ ది బ్లాక్: ఏది ముందు చూడాలి?

‘జాంబీ రెడ్డి’ నచ్చినవాళ్లు చాలామంది అడుగుతున్నారు, బ్రిటిష్ హారర్ కామెడీలు దేంతో మొదలుపెట్టాలని. ఎవరిని కదిపినా రెండు పేర్లే చెబుతారు: ఎడ్గర్ రైట్ తీసిన ‘షాన్ ఆఫ్ ది డెడ్’ (2004), జో కార్నిష్ తీసిన ‘అటాక్ ది బ్లాక్’ (2011). రెండూ లండన్ కథలే.

పరుగు కావాలంటే రెండోదే. గంటన్నరలోపు అయిపోతుంది. దక్షిణ లండన్‌లో ఒక ఎత్తైన ప్రభుత్వ అపార్ట్‌మెంట్, దాని మీదికి వచ్చిపడే నల్లబొచ్చు జీవులు, చీకట్లో మెరిసే వాటి పళ్లు. నిజంగానే భయం వేస్తుంది. గ్యాంగు లీడరు మోజెస్‌గా జాన్ బొయేగాకి ఇదే తొలి సినిమా. అతని గదిలో స్పైడర్‌మ్యాన్ దుప్పటి కనిపించి, వాడికి పదిహేనేళ్లేనని తెలిసే చోట మనసు చివుక్కుమంటుంది. కుర్రాళ్ల యాస మాత్రం సబ్‌టైటిల్స్ లేకపోతే అందదు.

అయినా నా ఓటు షాన్‌కే. ఇలాంటి సినిమాల్లో నేను చూసేది ఒక్కటే: పోయేవాళ్ల మీద సినిమాకి ప్రేమ ఉందా లేదా అని. హీరో షాన్‌కి సవతి తండ్రి ఫిలిప్ అంటే మొదటినుంచీ పడదు. జాంబీ కరిచాక, కారులో, ఇన్నాళ్లూ నోరు విప్పి చెప్పని ప్రేమంతా ఆయన చెప్పేసి ప్రాణం వదులుతాడు. మరుక్షణం జాంబీగా లేచి చేసే మొదటి పని, హోరెత్తిపోతున్న పాటను ఆపేయడం! బతికుండగా ఆయనకు చిరాకు తెప్పించిన పాటే అది. ఫిలిప్‌గా బిల్ నై నటన చూడండి, నవ్వొస్తుంది, గొంతులో ఏదో అడ్డుపడుతుంది. తల్లి బార్బరా అయితే కాటు పడిన సంగతే దాస్తుంది, వీళ్లకెందుకు ఇబ్బంది అని. చివరికి కొడుకే తుపాకి పట్టాల్సి వస్తుంది.

జాంబీల మీదా అంతే గౌరవం. జాంబీ సినిమాలకు దారి చూపిన అమెరికన్ దర్శకుడు జార్జ్ రొమెరో సినిమాల్లోలాగే అవి నెమ్మదిగా, కాళ్లీడ్చుకుంటూ వస్తాయి. రొమెరోకి ఎంత నచ్చిందంటే, తన ‘ల్యాండ్ ఆఫ్ ది డెడ్’ (2005)లో రైట్‌కీ, హీరో సైమన్ పెగ్‌కీ జాంబీ వేషాలిచ్చాడు.

ఈ రెండూ కాక, ‘క్యారీ ఆన్ స్క్రీమింగ్’ (1966) బ్రిటిష్ కంపెనీ హ్యామర్ వాళ్ల పాత హారర్ సినిమాలు తెలిసినవాళ్లకు బాగుంటుంది. ‘డాగ్ సోల్జర్స్’ (2002)లో నవ్వు తక్కువ, నెత్తురు ఎక్కువ. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడకండి. ఆ మాటకొస్తే షాన్‌ని కూడా.