ఎప్సన్ వి600 స్కానర్: టీవీ తెర మీద తీసిన పాత ఫోటోలకు ఎంతవరకు పనికొస్తుంది?

ఎప్సన్ పర్‌ఫెక్షన్ వి600 పెళ్లి ఆల్బమ్‌లకీ, ఇంటి ఫోటోలకీ బాగుంటుందని చాలామంది ఇప్పటికే చెప్పారు. ఇక్కడ దాన్ని పరీక్షించింది వేరే పనికి. దూరదర్శన్ తొలి రోజుల్లో టీవీ తెర ముందు కెమెరా పట్టుకుని తీసుకున్న ఫోటోలు, స్టూడియో రికార్డింగప్పుడు తీసిన స్టిల్స్, వాటి నెగెటివ్‌లు స్కాన్ చేయడానికి. ఆ పనికి ఇది కొనదగ్గ మెషీనే. కాకపోతే దాని ఆటోమేటిక్ సోకులన్నీ ఆపేసి వాడాలి. 35 ఎంఎం నెగెటివ్‌ల దగ్గర దాని శక్తి ఎక్కడ ఆగిపోతుందో ముందే తెలిసుండాలి.

ఈ ఫోటోలకు ఇంత పట్టింపు ఎందుకంటే, చాలా కార్యక్రమాలకు మిగిలిన ఆనవాలు అవే. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. ఆ తర్వాత మన విశాఖ నాటకాల వాళ్లూ, పాటలు పాడేవాళ్లూ గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రామంతాపూర్ స్టూడియోకి వెళ్లొచ్చేవారు. అప్పట్లో వీడియో టేపు చాలా ఖరీదు. ప్రసారం అయిపోయాక అదే టేపు మీద ఇంకోటి రికార్డు చేయడం చాలా దేశాల టీవీ సంస్థల్లో ఉన్నదే. బీబీసీలో ‘డాక్టర్ హూ’ సీరియల్ పాత ఎపిసోడ్లు చాలా అలాగే చెరిగిపోయాయి. లండన్‌లో జాన్ క్యూరా అనే ఆయన ఇంట్లో టీవీ తెరను ఫోటోలు తీసి నటులకూ, దర్శకులకూ అమ్మేవాడు. ఒక్కో ఎపిసోడ్‌కు అరవై డెబ్భై ఫోటోలు, వరుస తప్పకుండా. ఆ సీరియల్‌లో 1966 నాటి ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’ అనే కథ ఆరు ఎపిసోడ్లలో ఒక్కటీ మిగల్లేదు. అయినా ఆయన ఫోటోలూ, ప్రేక్షకులు ఇళ్లలో రికార్డు చేసుకున్న ఆడియో ఉండబట్టి 2016లో దాన్ని యానిమేషన్‌గా మళ్లీ నిలబెట్టగలిగారు. మన బీరువాల్లో ఉన్నవి ఒకటీ రెండూ ఫోటోలే కావచ్చు. అందుకే స్కానింగ్‌లో పొరపాటు జరగకూడదు.

అందరూ తప్పు చేసేది డీపీఐ దగ్గర, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలుగా స్కాన్ చేయాలనే దగ్గర. అప్పటి మన ప్రసారం 625 అడ్డ లైన్లది, అందులో బొమ్మ కనబడే లైన్లు 576. పోస్ట్‌కార్డు సైజు ప్రింటులో టీవీ తెర 75 మిల్లీమీటర్ల ఎత్తుంది అనుకోండి. మిల్లీమీటరుకు దాదాపు ఎనిమిది లైన్లు పడతాయి. ఒక్కో లైనుకు, దాని పక్క ఖాళీకి కలిపి కనీసం రెండు పిక్సెళ్లు కావాలి. లెక్క కడితే 390 డీపీఐ. దానికి తక్కువలో స్కాన్ చేస్తే టీవీ లైన్లూ స్కానర్ లైన్లూ ఒకదాని మీద ఒకటి పడి, మొహం మీద అలలు అలలుగా చారలు వస్తాయి. డాబాగార్డెన్స్‌లో, జగదాంబ దగ్గర ఏ ల్యాబుకిచ్చినా మామూలుగా 300 డీపీఐలో జేపెగ్ చేసిస్తారు. పెళ్లి ఫోటోకు అది చాలు. టీవీ ఫోటోకు మాత్రం ఆ అలలు ఫైల్లోనే ముద్రపడిపోతాయి, ఏ సాఫ్ట్‌వేరుతోనూ పూర్తిగా పోవు. వి600లో ప్రింటును 600లో తీస్తే చారలు లేకుండా వస్తుంది. తెర బాగా చిన్నగా పడిన ప్రింటైతే 1200 పెట్టండి.

నెగెటివ్‌కి వచ్చేసరికి మెషీన్ పరిమితి బయటపడుతుంది. పెట్టె మీద 6400 డీపీఐ అని ఉంటుంది గానీ, వివరం నిజంగా దొరికేది దాదాపు నాలుగో వంతు వరకే. 35 ఎంఎం ఫ్రేములో తెర 18 మిల్లీమీటర్ల ఎత్తు ఆక్రమిస్తే మిల్లీమీటరుకు 32 లైన్లు. వాటిని విడివిడిగా చూపాలంటే 1600 పైచిలుకు కావాలి, అంటే సరిగ్గా వి600 చేతులెత్తేసే చోటు. 3200లో స్కాన్ చేస్తే అలలు రావు, కానీ లైన్లు కొంచెం మెత్తబడతాయి. పదునుగా తీసిన 35 ఎంఎం నెగెటివ్‌లే మీ దగ్గర ఎక్కువుంటే మాక్రో లెన్సున్న డీఎస్ఎల్ఆర్‌తో, లైట్ బాక్స్ మీద పెట్టి తీయడమే మేలు.

120 ఫిల్ముకు, అంటే పాత కెమెరాల వెడల్పాటి రీలుకు మాత్రం ఈ ధరలో దీనికి పోటీ లేదు. మన ఇళ్లలో చాలాచోట్ల ఉండేది ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా, దాంట్లో ఊటీలో తయారైన ఇందు రీలు. పన్నెండు ఫ్రేములు, ఒక్కోటి దాదాపు 6×6 సెంటీమీటర్లు. 35 ఎంఎంకి మాత్రమే పనికొచ్చే స్కానర్లలో ఈ ఫిల్ము దూరదు. వి600 మూతలోని లైటు కింద హాయిగా పడుతుంది. 2400లో తీస్తే ఒక్కో వైపు 5,290 పిక్సెళ్లు, 16 బిట్ గ్రేస్కేల్ టిఫ్ ఫైలు 56 ఎంబీ దాకా వస్తుంది. క్లిక్ త్రీ లెన్సు ఇవ్వగలిగిన వివరమంతా అందులో దిగిపోతుంది.

క్లిక్ త్రీ ఫోటోల్లో తెర మీద అడ్డంగా మసక పట్టీ కనబడితే ఫోటో పాడైందనుకోకండి. ఆనాటి టీవీ బొమ్మ సెకనులో 25వ వంతులో, రెండు విడతలుగా పూర్తయ్యేది. ఆ కెమెరాకున్నది ఒకటే షటర్ వేగం, సెకనులో 30వ వంతు అటూ ఇటూ. అంత సేపట్లో తెరలో మూడింట రెండు వంతులకు రెండు విడతలూ అందుతాయి, మిగతా వంతుకు ఒక్కటే. ఆ భాగం సగం వెలుగుతో మిగిలిపోతుంది. పట్టీ తిన్నని అంచుతో, సమంగా అడ్డంగా ఉంటే లెన్సులో షటరున్న కెమెరా. ఏటవాలుగా ఉంటే పరదాలా పక్కకు జరిగే షటరున్న 35 ఎంఎం కెమెరా. ఎవరి కెమెరాతో తీశారో తేల్చడానికి ఇదొక ఆధారం. కాబట్టి ఆ పట్టీని కత్తిరించొద్దు, స్కాన్ సాఫ్ట్‌వేరులో వెలుగు సరిచేయొద్దు.

డిజిటల్ ఐస్ అనే దుమ్ము తొలగించే సదుపాయాన్ని నలుపు తెలుపు నెగెటివ్‌ల మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. అది ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో దుమ్మును కనిపెడుతుంది. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మే వెండి రేణువులు, ఆ వెలుతురుకు అవీ అడ్డమే. మెషీన్ బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది, కళ్లూ పెదవులూ మైనం పూసినట్టు తయారవుతాయి. కలర్ నెగెటివ్‌లకు మాత్రం అద్భుతంగా పనిచేస్తుంది. అన్‌షార్ప్ మాస్క్ (అంచులు పదును చేసేది), గ్రెయిన్ తగ్గింపు, కలర్ రిస్టొరేషన్ కూడా ఆపేయండి. ఏఐతో మొహాలు తేటపరిచే యాప్‌ల జోలికి అసలే పోవద్దు. నలభై చుక్కల్లో ఉన్న మొహానికి ఆ యాప్ ఎవరి కళ్లో తెచ్చి పెడుతుంది. ఒక నటి మొహానికి లోకంలో మిగిలిన సాక్ష్యం ఆ ఒక్క ఫోటోయే అయినప్పుడు అది క్షమించరాని పని.

మూత లోపలి తెల్ల పలక తీయకపోతే నెగెటివ్ స్కాన్ నల్లగా వస్తుంది. కొత్తవాళ్లు మెషీన్ చెడిపోయిందనుకోవచ్చు. ఫిల్మును ట్రేలో మెరిసే వైపు కిందికి పెట్టాలి, పైనుంచి చూస్తే బొమ్మలోని అక్షరాలు తిరగబడి కనబడాలి. ట్రే పై భాగంలోని సన్నటి ఖాళీ మీద దుమ్ము ఉంటే స్కాన్ పొడవునా గీత పడుతుంది. మెషీన్ తన లైటును చూసుకునేది అక్కడే.

ట్రే ఎత్తు మార్చే వీలు లేకపోవడం వి600లో నిజమైన లోపం. ఏళ్ల తరబడి చుట్టి ఉంచిన 120 ఫిల్ము మధ్యలో వంగుతుంది, అక్కడ ఫోకస్ పోతుంది. రెండు ఆసిడ్ రహిత కాగితాల మధ్య పెట్టి, బరువైన పుస్తకాల కింద రెండు మూడు రోజులు ఉంచితే చాలావరకు సాగుతుంది. తొందరపడి నేరుగా గాజు మీద పరిస్తే ఫిల్మూ గాజూ తాకిన చోట ఇంద్రధనుస్సు వలయాలు వస్తాయి. బడ్జెట్ ఉంటే ఎప్సన్‌దే వి850 స్కానర్‌కి వెళ్లండి, దాని ట్రేలకు ఎత్తు సర్దుబాటు ఉంది.

విశాఖ గాలి ఈ పనికి పెద్ద శత్రువు. పెదవాల్తేరులో, బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో దాచిన నెగెటివ్‌ల మీద సాలెగూడు లాంటి బూజు తీగలు మామూలే. బొమ్మను ఫిల్ముకు పట్టి ఉంచే జిలటిన్‌ను బూజు తినేసి ఉంటుంది కాబట్టి నీటి తడి తగిలితే బొమ్మ పొర ఊడొస్తుంది. శానిటైజరులోనూ నీరుంటుంది, వద్దు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదికి అద్ది, ముందు మెరిసే వైపు అంచున పరీక్షించి, ఒత్తకుండా ఒకే దిశలో తుడవాలి. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఫిల్మే కుళ్లుతున్నట్టు, ఆ రీలును మిగతావాటి నుంచి వెంటనే వేరు చేసి, ముందు దాన్నే స్కాన్ చేయండి.

స్కానర్‌కీ అదే బెడద. గాజు లోపలి వైపు పొగ పట్టినట్టు పొర పేరుకుంటుంది, మన ఉక్కకు ఇంకా త్వరగా. అప్పుడు నల్లటి టీవీ తెర బూడిద రంగుకు తిరుగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు గది చీకటి చేసి, సెల్‌ఫోన్ టార్చిని గాజు పక్కనుంచి వాలుగా వేసి చూడండి. లోపల పాలపొర కనబడితే ధర తగ్గించమని అడగండి, లేదా వదిలేయండి. వాడనప్పుడు మెషీన్ మీద గుడ్డ కప్పి, పక్కన నీలం సిలికా జెల్ సంచి పెట్టండి. గులాబీ రంగుకు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

నెగెటివ్ పట్టీని ఫ్రేములుగా కత్తిరించి స్కాన్ చేయకుండా, అంచు మీది నంబర్లతో సహా పట్టీ మొత్తం ఒకసారి తీసి పెట్టుకోండి. ఏ సన్నివేశం ముందో, ఏది తర్వాతో చెప్పేది ఆ నంబర్లే. ప్రింటు వెనక్కి తిప్పి దాన్ని కూడా 300లో కలర్‌లో స్కాన్ చేయండి. ల్యాబు ముద్ర, పెన్సిలు తేదీ, నాటకం పేరు తరచూ అక్కడే ఉంటాయి.