అకౌస్టిక్ బేస్ గిటార్, ఆరేళ్లు వాడాక: యాంప్ లేకుండా పనికొస్తుందా?

మాది వైజాగ్, చర్చిలో క్వయర్‌కి బేస్ వాయిస్తా. ఎలక్ట్రిక్ బేస్ ఉండగానే ఆరేళ్ల కింద ఈ అకౌస్టిక్ బేస్ (బోలు బాడీతో, కరెంటు లేకుండానే మోగేది) ఎందుకు కొన్నానంటే, డిసెంబర్‌లో క్యారల్స్‌కి ఇంటింటికీ తిరిగేటప్పుడు యాంప్ (సౌండ్ పెంచే స్పీకర్ పెట్టె) మోసే బాధ తప్పుతుందని. మొదటి రాత్రే తేలిపోయింది. రెండు గిటార్లు, ఒక డోలక్, పాతికమంది గొంతులు, వాటి మధ్య "వాయిస్తున్నావా, ఊరికే తగిలించుకున్నావా" అన్నాడు మా బావ. వేళ్లు బొబ్బలెక్కాయి గానీ సౌండ్ నాకే వినపడలా.

తప్పు గిటార్‌ది కాదు. లావు స్ట్రింగ్ ఓపెన్‌గా కొడితే 41 హెర్ట్జ్ చిల్లర, అంత కింది స్వరాన్ని గట్టిగా బయటికి తోయాలంటే డబుల్ బేస్ (మనిషంత ఎత్తుండే నిలువు బేస్) అంత డొక్క కావాలి, మామూలు గిటార్ కంటే కాస్త పెద్దగా ఉండే ఈ బాడీ దానికి ఎక్కడ సరిపోద్ది. 1972లో ఎర్నీ బాల్ కంపెనీ వాళ్లు ఎర్త్‌వుడ్ అని ఒక అకౌస్టిక్ బేస్ తెచ్చారు, మెక్సికో మరియాచీ బ్యాండ్లలో వాడే గిటార్రోన్ చూసి పుట్టిన ఆలోచన, దాని బాడీ భారీగా ఉండేది. ఇప్పుడొచ్చేవి పట్టుకోడానికి వీలుగా సన్నబడ్డాయి, ఆ మేరకు సౌండూ తగ్గింది. కాబట్టి షాపులో ఖాళీ గదిలో వాయించి గుమ్మంటోందని మురిసిపోకండి, పక్కన ఒకర్ని గిటార్ స్ట్రమ్ చెయ్యమని అప్పుడు వినండి. తర్వాత యాంప్‌కి పెట్టి వినండి, ఎందుకంటే నలుగురిలో వాయించేది చివరికి అలాగే.

ఇంట్లో ప్రాక్టీసుకి, హాల్లో పదిమందితో జరిగే ప్రార్థనకి మాత్రం దీనికి మించింది లేదు. గోడకి తగిలించి ఉంటది, తీసి వాయించడమే, వైరు లేదు స్విచ్చి లేదు. నా ఎలక్ట్రిక్ బేస్ కంటే దీన్నే ఎక్కువ వాయించా ఈ ఆరేళ్లలో.

స్ట్రింగ్స్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. దీంతో వచ్చినవి ఫాస్ఫర్ బ్రాంజ్, కొత్తలో గలగలమంటాయి, వేలు జరిపితే కీచుమంటాయి, మా సముద్రపు గాలికి రెండు నెలల్లోనే నల్లబడి మొద్దుబారిపోయేవి. మూడు సెట్లు మార్చాక విసుగొచ్చి పైన నల్ల నైలాన్ చుట్టిన టేప్‌వౌండ్ వేశా. సౌండ్ ఇంకాస్త తగ్గిన మాట నిజమే, కానీ టోన్ గుండ్రంగా, డబుల్ బేస్‌కి దగ్గరగా వచ్చింది, కీచులు పోయాయి, అదే సెట్ రెండేళ్లు దాటినా బానే ఉంది. ఒకటి, ఇవి లావు, నట్ (హెడ్ దగ్గర స్ట్రింగ్స్ ఆనే చిన్న పట్టీ) గాళ్లలో సరిగ్గా కూర్చోవు, నేను గాళ్లు కొంచెం వెడల్పు చేయించుకోవాల్సొచ్చింది.

సాలిడ్ టాప్ (పై పలక పొరలు లేని చెక్కది) కోసం డబ్బులు పొయ్యక్కర్లేదని నా అభిప్రాయం. నాది లామినేట్ (పొరలు అంటించిన చెక్క), వానాకాలం తేమని ఓర్చుకుంటోంది, స్టేజి మీద ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ కూత) కూడా అదుపులోనే ఉంటది, మరీ కూస్తే సౌండ్‌హోల్‌కి రబ్బరు మూత పెడతా. అయినా ఏటా ఆగస్టు వచ్చేసరికి నెక్ కొంచెం వంగి యాక్షన్ (నెక్ మీద స్ట్రింగ్స్ ఎత్తు) లేస్తది, ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనప కడ్డీ) పావు చుట్టు తిప్పితే దారికొస్తది, అంతకంటే ఎక్కువ ఒకేసారి తిప్పొద్దు. పికప్ (సౌండ్‌ని యాంప్‌కి పంపేది) పీజో రకం, టకటకమనే గుణం ఉంది, మిడ్ (మధ్య స్వరాలు) తగ్గిస్తే సరిపోద్ది. కేబుల్ పీకకుండా వదిలేస్తే దాని 9 వోల్ట్ బ్యాటరీ అరిగిపోతూనే ఉంటది, ఒక ఆదివారం పొద్దున అనుభవించా.

నాకు ఇప్పటికీ నచ్చనిది బ్యాలెన్స్. హెడ్ బరువు, స్ట్రాప్ బటన్ ఒక్కటే ఇచ్చారు, నిలబడి చేయి వదిలితే నెక్ నేల చూస్తది. రెండో బటన్ వేయించి, వెడల్పాటి స్ట్రాప్ కొన్నా, సగం నయం. కొనేముందు నిలబడి పది నిమిషాలు వాయించండి. 34 అంగుళాల స్కేల్‌లో (మోగే స్ట్రింగ్ పొడవు) మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ తీగ) అందక మా చెల్లి అవస్థ పడింది, అలాంటివాళ్లు 30, 32 అంగుళాలది చూస్కోండి. అలాగే ప్రతి స్ట్రింగ్ మీద ఒక్కో ఫ్రెట్ నొక్కుకుంటూ 12 దాకా వెళ్లండి, ఎక్కడో ఒకచోట నోట్ ఠపీమని చచ్చిపోతే అది పక్కన పెట్టేయండి. నాదాంట్లో అయిదో ఫ్రెట్ దగ్గర అలాంటిదొకటుంది, అప్పుడు చూస్కోలేదు.

క్యారల్స్‌కి ఇప్పుడు బ్యాటరీ యాంప్ చిన్నది కొన్నాం. మోసేది మా బావే.