మా పద్దెనిమిది అడుగుల కారవాన్: మూడేళ్లు, 190 రాత్రుల తర్వాత

మేం కారవాన్, అంటే కారు వెనకాల తగిలించి లాగే చక్రాల ఇల్లు, కొని మూడేళ్లు దాటింది. ఇప్పటికి 22 వేల కిలోమీటర్లు లాగాం, 190 రాత్రులు అందులో పడుకున్నాం. కొన్న నెలకే రాసుంటే సోఫా రంగు గురించీ వంటగది సొరుగుల గురించీ రాసేదాన్ని. ఇప్పుడు రాయాల్సినవి వేరే ఉన్నాయి. మొన్న ఫిబ్రవరి చివర్లో మెల్‌బోర్న్ నుంచి బయల్దేరి, తీరం వెంబడే సౌత్ ఆస్ట్రేలియాలోని గూల్వా దాకా ఐదు వారాలు నింపాదిగా తిరిగొచ్చాం. ఈ బండి మా ఇద్దరికీ ఎక్కడ సరిపోయిందో, ఎక్కడ ఏడిపించిందో ఆ ప్రయాణంతో పూర్తిగా తెలిసింది. ఇద్దరే తిరగాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్ల అవసరాలు వేరు.

లోపలి పొడవు 18 అడుగులు, ఒకటే యాక్సిల్. ఖాళీ బరువు, అంటే టేర్, 1,560 కిలోలు. అన్నీ నింపాక దాటకూడని బరువు 1,960 కిలోలు. ఈ రెండోదాన్ని ఇక్కడ ఏటీఎం అంటారు, అగ్రిగేట్ ట్రైలర్ మాస్ అని. తేడా 400 కిలోలు. అమ్మేచోట ఆ అంకె వినగానే ఇల్లంతా సర్దుకుని పోవచ్చనిపించింది. కానీ రెండు నీళ్ల ట్యాంకులు నింపితే 160 కిలోలు అక్కడే అయిపోతాయి. రెండు సిలిండర్లలో గ్యాస్ 18 కిలోలు. ఇక మిగిలిన 222 కిలోల్లోనే గిన్నెలు, బట్టలు, దుప్పట్లు, కుర్చీలు, పనిముట్లు, ఆ తర్వాత మనం పెట్టించుకునే ప్రతి కొత్త వస్తువూ.

మొదటి ట్రిప్పుకి మేం తూకం వేయించలేదు. రెండో ట్రిప్పుకి ముందు వే బ్రిడ్జి మీదికి ఎక్కిస్తే 2,040 చూపించింది. ఎనభై కిలోలు ఎక్కువ. అంత బరువుతో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు కాదనొచ్చు. అంతకంటే ముందు, ఎదురుగా వచ్చేవాళ్ల ప్రాణాల సంగతి ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారాక అన్నీ బయట పెట్టి, గత ట్రిప్పులో చేత్తో ముట్టుకోని ప్రతిదాన్నీ తీసేశాం. కారవాన్ పార్కులో నీళ్లూ కరెంటూ ఉన్న సైటుకి, అంటే బండి నిలిపే చోటుకి, వెళ్తున్నామంటే ఇప్పుడు ఒక ట్యాంకే నింపుతాం. ఈ సమీక్షలో ఒక్క మాటే గుర్తు పెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి: కొనే ముందు మీ సామానంతా ఒక కాగితం మీద రాసి, బరువులు కూడండి.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడుందన్నది కూడా చూడాలి. కారు కొక్కెం మీద పడే భారం మొత్తం బరువులో పదో వంతు ఉండాలని సాధారణంగా చెప్తారు. మేం కుర్చీలు, సైకిళ్లు వెనకాల పెట్టిన రోజుల్లో అది బాగా తగ్గిపోయింది. ప్రిన్సెస్ హైవే మీద ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటి వెళ్లినప్పుడు కారవాన్ తోక అటూ ఇటూ ఊగడం మొదలైంది. మావారు కారు బ్రేకు తొక్కకుండా, డ్యాష్‌బోర్డు మీదున్న కంట్రోలర్ నొక్కి కారవాన్ బ్రేకులు మాత్రమే వేశారు. నాలుగైదు సెకన్లలో బండి సర్దుకుంది. ఆ మీట ఎక్కడుందో చీకట్లో కూడా చెయ్యి వెతుక్కోకుండా చేరేలా అలవాటు చేసుకోండి. సైకిళ్లు ఇప్పుడు తీసుకెళ్లడం లేదు. బరువైనవన్నీ యాక్సిల్ పైన, కింది అరల్లో ఉంటున్నాయి. లాగుతున్నప్పుడు 90 దాటం. వెనకున్న లారీవాళ్లతో మాట్లాడాలంటే యూహెచ్ఎఫ్ రేడియోలో 40వ ఛానెల్, తోటి కారవాన్ల వాళ్లతో అయితే 18వ ఛానెల్. ఆ చిన్న రేడియో మేం కొన్నవాటిలో అత్యంత పనికొచ్చిన వస్తువు.

ఇక్కడి పెద్దవాళ్లు 330 సూత్రం అని ఒకటి చెప్తారు: రోజుకు 330 కిలోమీటర్లు మించకూడదు, లేదా మధ్యాహ్నం మూడున్నరకల్లా ఆగిపోవాలి. మాకు అది కూడా ఎక్కువే అనిపించింది. దిగిన చోట బండి లెవెల్ చేసి, చక్రాలకు చెక్కలు పెట్టి, నీళ్లూ కరెంటూ తగిలించి, గొడుగులాంటి ఆ ఆనింగ్ విప్పేసరికి ముప్పావు గంట. బయల్దేరేటప్పుడు గంట. ఒక్క రాత్రి కోసం ఇంత పని చేస్తే మిగిలేది అలసటే. అందుకే రోజుకు 150 కిలోమీటర్లు, దిగిన చోట కనీసం మూడు రాత్రులు అని పెట్టుకున్నాం. మొదటి రోజు ఊరు చూస్తాం. రెండో రోజు ఊరు మనకు అలవాటవుతుంది. మూడో రోజు ఏ పనీ పెట్టుకోం. నాకు ఆ మూడో రోజే ఇష్టం.

గ్రేట్ ఓషన్ రోడ్డు గురించి అందరూ అడుగుతారు. టార్కీ నుంచి ఆలన్స్‌ఫర్డ్ దాకా 243 కిలోమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా, చనిపోయిన తోటివాళ్ల జ్ఞాపకంగా వేసిన దారి. కారులో అద్భుతం. కారవాన్‌తో మాత్రం లోర్న్, అపోలో బే మధ్య ఆ మలుపుల్లో నడిపేవాళ్లకు సముద్రం వైపు తల తిప్పే వీలే ఉండదు, వెనకాల కార్ల వరస పెరుగుతూ ఉంటుంది. రెండేళ్ల కింద ఒకసారి చేశాం, మళ్లీ చెయ్యం. ఈసారి జీలాంగ్, కోలాక్, క్యాంపర్‌డౌన్ మీదుగా లోపలి దారిన పోర్ట్ క్యాంప్‌బెల్ చేరి, బండి అక్కడ విప్పేసి కారులో తిరిగాం. సముద్రంలో నిలువుగా నిలబడ్డ రాతి స్తంభాలు ట్వెల్వ్ అపోసల్స్ దగ్గరికి పొద్దున్నే వెళ్తే మనుషులు తక్కువ. లండన్ ఆర్చ్ అనే రాతి తోరణం దగ్గర మాత్రం చాలాసేపు కూర్చున్నాం. ఒకప్పుడు లండన్ బ్రిడ్జి అనేవాళ్లు దాన్ని. 1990 జనవరిలో ఒడ్డుకు ఆనుకున్న భాగం కూలి సముద్రంలో పడిపోతే, అవతలి కొసన చిక్కుకుపోయిన ఇద్దరిని హెలికాప్టర్‌లో తీసుకొచ్చారు.

పోర్ట్ ఫెయిరీలో మూడు రాత్రులనుకున్నది ఐదయ్యాయి. గ్రిఫిత్స్ ద్వీపంలో పొద్దుగూకాక మటన్‌బర్డ్స్ సముద్రం నుంచి గుంపులుగా తిరిగొచ్చి, నేలలో తవ్వుకున్న బొరియల్లోని పిల్లలకు మేత పెడతాయి. సెప్టెంబరు చివర్లో వచ్చిన ఆ పక్షులు, ఇక్కడి శరదృతువులో, అంటే ఏప్రిల్ ప్రాంతంలో, మళ్లీ ఉత్తర పసిఫిక్ వైపు ఎగిరిపోతాయి. చీకట్లో మన చెవి పక్కనుంచే రెక్కల చప్పుడు పోతుంటుంది. హోటల్లో దిగితే ఆ వేళకు భోజనాల దగ్గర ఉండేవాళ్లం. మన ఇల్లు నాలుగు అడుగుల దూరంలో ఉంది కాబట్టి రెండుసార్లు వెళ్లాం.

ఇప్పుడు బండి మీద నాకున్న అసలు ఫిర్యాదు. మొదటి చలికాలంలోనే ముందు కిటికీ మూల నుంచి నీళ్లు లోపలికి దిగాయి. పైకి ఏమీ కనిపించలేదు, అల్మరా తెరిస్తే తడి గుడ్డ వాసన వచ్చేది. మాది చెక్క ఫ్రేము. పలక తీసి చూస్తే చెక్క ఉబ్బిపోయి ఉంది. కిటికీ చుట్టూ సీలెంట్ ఒకచోట అసలు పెట్టనేలేదు. వారంటీ కింద చేశారు, కాదనను. కానీ అమ్మిన వాళ్ల దగ్గర మా బండి పదకొండు వారాలు పడి ఉంది, మేం ఫోన్ చేస్తే తప్ప వాళ్లు చెయ్యలేదు. ఇంత డబ్బు పోసి కొన్న కొత్త బండికి అలా జరగడం నాకు ఇప్పటికీ బాధే. మళ్లీ కొంటే చెక్క ఫ్రేము కొనను. మీరు ఏది కొన్నా ఒక తేమ మీటరు కొనుక్కోండి. ఏడాదికోసారి మూలమూలా పెట్టి చూడండి, పైకెక్కి కప్పు మీది అతుకులు కూడా.

తీరంలో తిరిగే బండికి ఉప్పే శత్రువు. రెండో ఏడాదికల్లా తలుపు బందులు, బయటి లాకర్ తాళాలు తుప్పు పట్టాయి. ఛాసిస్ గాల్వనైజ్డ్ కావడం వల్ల బాగానే ఉంది. సముద్రం పక్కన వారం ఉంటే, లోపలి ఊరికి రాగానే కింది భాగమంతా మంచినీళ్లతో కడుగుతాం. మౌంట్ గాంబియర్‌లో ఈ పనే చేశాం. ఆ ఊరికి తాగునీరు బ్లూ లేక్ నుంచే వస్తుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ చెరువు ముదురు నీలంగా ఉంటుంది, తర్వాత బూడిద రంగుకు తిరుగుతుంది. మేం వెళ్లేటప్పటికి నీలం ఇంకా పోలేదు. మా ట్యాంకు కూడా అక్కడే నింపుకున్నాం. సున్నం ఎక్కువున్న నీళ్లు కాబట్టి కెటిల్ అడుగున తెల్లటి పొర కట్టింది, రుచిలో తేడా ఏమీ లేదు.

అంతకుముందు నెల్సన్‌లో ఉన్నప్పుడు ఫ్రిజ్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. అది మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో చివరి ఊరు. సౌత్ ఆస్ట్రేలియాలోకి తాజా పళ్ళు, టమాటాల్లాంటివి తీసుకెళ్లకూడదు, ఫ్రూట్ ఫ్లై భయం. ఉన్నవన్నీ తినేసి సరిహద్దు దాటాం. అక్కడ గడియారం అరగంట వెనక్కి తిప్పుకోవాలి.

ఫ్రిజ్ సంగతికి వస్తే, మాది గ్యాస్, మెయిన్స్ కరెంటు, పన్నెండు వోల్టుల బ్యాటరీ, మూడింటి మీదా నడిచే రకం. చప్పుడే ఉండదు, గ్యాస్ చాలా తక్కువ తీసుకుంటుంది. కానీ బండి లెవెల్‌గా లేకపోతే చల్లబరచదు, ఎండ ముదిరిన రోజున పాలు విరిగిపోతాయి. కంప్రెసర్ ఫ్రిజ్ అయితే ఈ బాధ లేదు, కాకపోతే దానికి మంచి బ్యాటరీ కావాలి. బ్యాటరీ మేం మార్చేశాం. బండితో వచ్చిన ఏజీఎం రకం 100 ఆంపియర్ అవర్లని రాసి ఉన్నా, సగానికంటే కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. అంటే వాడుకోగలిగేది యాభై. ఇప్పుడు 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ, పైన రెండు సోలార్ ప్యానెళ్లు. మబ్బు పట్టినా రెండు రాత్రులు టెన్షన్ లేకుండా గడుస్తాయి. దానివల్ల షోగ్రౌండ్లలో, అంటే ఊరి ప్రదర్శన మైదానాల్లో, కరెంటు లేని క్యాంపుల్లో ధైర్యంగా ఉండగలుగుతున్నాం. ఈ ట్రిప్పులో కారవాన్ పార్కుల్లో పవర్డ్ సైటుకి రాత్రికి 45 నుంచి 68 డాలర్లు ఇచ్చాం, షోగ్రౌండ్లలో 25 నుంచి 30. ఇంధనం మాత్రం వంద కిలోమీటర్లకు 17 లీటర్లు తాగింది. ఉత్త కారుకి 9 చాలు.

టాయిలెట్ క్యాసెట్, అంటే కింద ఉండే మలం డబ్బా, ఇద్దరికీ రెండున్నర రోజులు వస్తుంది. దాన్ని పారబోసే చోట, డంప్ పాయింట్‌లో, ఖాళీ చేసే పని ఎవరికీ ఇష్టం ఉండదు, మేం వంతులు వేసుకున్నాం. డీజిల్ హీటర్ పెట్టించుకోవడం మంచి పని. ఇక్కడ చలికాలమైన జూలైలో వార్నంబూల్ దగ్గర లోగన్స్ బీచ్‌లో తిమింగలాలు చూడ్డానికి వెళ్లినప్పుడు అదే కాపాడింది. అయినా చలిలో తెల్లారేసరికి కిటికీల లోపలివైపు నీళ్లు కారుతుంటాయి. పైకప్పు హ్యాచ్ రెండు వేళ్లంత తెరిచి పడుకోండి.

సౌత్ ఆస్ట్రేలియా తీరంలోని రోబ్ అనే ఊళ్లో మాకొక నష్టం జరిగింది. రెండో రాత్రి ఆనింగ్ ముడవకుండా పడుకున్నాం. గాలి లేదు, ఆకాశం నిర్మలంగా ఉంది. అర్ధరాత్రి దాటాక నైరుతి గాలి ఒక్క ఊపున వచ్చి ఆనింగ్ చెయ్యి వంచేసింది. కొత్త భాగానికి 380 డాలర్లు, అది వచ్చేదాకా ఐదు రోజులు అక్కడే. ఆ ఐదు రోజుల్లో రోబ్ ఒడ్డంతా కాలినడకన తిరిగాం. 1850లలో విక్టోరియా ప్రభుత్వం ఓడ దిగే ప్రతి చైనీయుడి మీదా పది పౌండ్ల పన్ను వేస్తే, దాన్ని తప్పించుకోవడానికి 16 వేల మందికి పైగా ఇక్కడ దిగి, బంగారు గనుల దాకా వందల కిలోమీటర్లు నడిచారట. వాళ్ల జ్ఞాపకంగా ఒడ్డున రాయి ఉంది. ఐదు రోజుల్లో మూడుసార్లు దాని దగ్గరికి వెళ్లాను. సొంత ఊరు వదిలి వచ్చినవాళ్లం కదా, ఊరికే దాటిపోలేకపోయాను.

ఇద్దరూ అంత చిన్నచోట ఐదు వారాలు ఎలా ఉన్నారని అడుగుతారు. మంచం గురించి ముందు చెప్పాలి. అటూ ఇటూ దిగే వీలున్న మంచం తీసుకోండి. గోడ వైపు పడుకునేవాళ్లు రాత్రి లేవాలంటే రెండోవాళ్ల మీదుగా దాటి రావాలి, మాది అదే రకం, మూడేళ్లుగా చింతిస్తున్నాను. వంట బయటే చేసుకుంటే లోపల వాసన ఉండదు. వర్షం పడితే ఒకరు పడుకుని చదువుకోవాలి, ఒకరు కూర్చోవాలి. ఇద్దరూ ఒకేసారి నిలబడితే దారి ఉండదు.

మాకు గొడవ వచ్చేది ఒక్క రివర్స్ దగ్గరే. మావారు స్టీరింగు పట్టుకుంటే, నేను వెనకాల నిలబడి "ఏమండీ, ఎడమకి... మీ ఎడమ కాదు, నా ఎడమ" అని అరిచేదాన్ని. పార్కులో అందరూ కుర్చీల్లోంచి చూసేవాళ్లు. ఇప్పుడు రేడియో పట్టుకుని "డ్రైవర్ వైపు", "తలుపు వైపు" అని మాత్రమే అంటాం. ఒక్క మాటతో పోయింది ఆ గొడవ. పోయిన ఏడాది నేను కూడా ఖాళీ మైదానంలో రెండు మధ్యాహ్నాలు నేర్చుకున్నాను. ఈ ట్రిప్పులో సగం సైట్లలో బండి నేనే వెనక్కి పెట్టాను.

కూరాంగ్ అనే తీరపు ఉప్పునీటి సరస్సుల పక్కన మెనింగీలో మూడు రాత్రులు ఉండి, వెల్లింగ్టన్ దగ్గర ముర్రే నదిని ఫెర్రీ మీద దాటాం. రాత్రీ పగలూ నడుస్తుంది, డబ్బు తీసుకోరు. కారూ కారవాన్ రెండూ కలిపి ఎక్కించింది నేనే. నది మధ్యలో ఇంజిను ఆపేసి కూర్చున్నాం. మావారు కిటికీ దించి, పక్కనే నీళ్ల మీద పెలికాన్లు పోతుంటే చూస్తూ, అవతలి ఒడ్డు వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంటికి రాగానే బేరింగులకు గ్రీజు పెట్టించాం, పదివేల కిలోమీటర్లకోసారి తప్పదు. టైర్లకు ఐదేళ్లు రాబోతున్నాయి, గీతలు బాగానే కనిపిస్తున్నా మార్చేస్తున్నాం. ఆనింగ్ ఇప్పుడు ప్రతి రాత్రీ ముడుస్తాం. సెప్టెంబరు ఆఖరుకి పోర్ట్ ఫెయిరీలో ఐదు రాత్రులు బుక్ చేశాను, మటన్‌బర్డ్స్ తిరిగొచ్చే వేళకి.