పదవీ విరమణ తర్వాత హైదరాబాదా, విశాఖపట్నమా: ఏది మేలు?

కేంద్ర ప్రభుత్వోద్యోగులు 60 ఏళ్లకు, తెలంగాణ ఉద్యోగులు 61కి, ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు 62కి పదవీ విరమణ చేస్తారు. ఆ గడువు ఇంకా రెండు మూడేళ్లు ఉందనగానే పాత సహోద్యోగులూ బంధువులూ నన్ను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: ఎక్కడైనా స్థిరపడే వీలుంటే హైదరాబాద్ మేలా, విశాఖపట్నం మేలా? మేము ఈమధ్యనే సికింద్రాబాద్ విడిచి విశాఖకు మారాము కనుక నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుందని వారి నమ్మకం. జవాబు ఉన్న మాట నిజమే. అయితే వారు సాధారణంగా పోల్చి చూసే విషయాలతో మేము ఆ నిర్ణయానికి రాలేదు.

అందరూ మొదట అడిగేది వైద్యం, వాతావరణం, ఇళ్ల ధరల గురించి. వీటిలో తేల్చవలసినది పెద్దగా లేదు. వైద్యంలో హైదరాబాద్‌దే పైచేయి. అవయవ మార్పిడి వంటి పెద్ద చికిత్సలకు ఉత్తరాంధ్ర నుంచి కూడా అక్కడికి వెళ్లేవారున్నారు. కానీ వయసు మళ్లినవారికి తరచుగా అవసరమయ్యే గుండె, మూత్రపిండాలు, కీళ్లు, కళ్ల వైద్యానికి విశాఖలో కొరత లేదు. ప్రభుత్వ రంగంలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. క్యాన్సర్‌కు టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి అగనంపూడిలోనే ఉంది. వాతావరణానికి వస్తే, దక్కన్ పీఠభూమి మీద సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో ఎండ ఎంత మండినా చెమట తక్కువ, రాత్రికి కాస్త చల్లబడుతుంది. విశాఖలో ఎండ అంత తీవ్రంగా లేని రోజున కూడా ఉక్కపోత మనిషిని నీరసపెడుతుంది. ఇళ్ల ధరలలో విశాఖ ఇప్పటికీ కొంత నయమే గానీ, సముద్రం కనబడే ఫ్లాటు కావాలనుకునేవారికి ఆ తేడా మిగలదు.

నా దృష్టిలో నిర్ణయాన్ని తేల్చవలసిన అంశం వేరే ఉంది. దంపతులిద్దరిలో ఒకరు పోయిన తరువాత, మిగిలినవారు ఆ ఊళ్లో ఆ ఇంట్లో ఎలా బతుకుతారన్నదే అది. ఈ మాట ఎత్తగానే చాలామంది అశుభమని మాట మార్చేస్తారు. ఎల్ఐసీ పాలసీకీ బ్యాంకు ఖాతాకూ నామినీ పేరు రాయడానికి లేని సంకోచం ఊరి విషయంలో ఎందుకో నాకు అర్థం కాదు. మన కుటుంబాలలో సాధారణంగా భార్య భర్తకన్నా కొన్నేళ్లు చిన్నది. స్త్రీల సగటు ఆయుర్దాయం కూడా పురుషులకన్నా ఎక్కువ. కనుక మిగిలేది భార్య అయ్యే అవకాశమే హెచ్చు. అయినా ఊరిని ఎంచుకునేది మాత్రం చాలా ఇళ్లలో భర్తే. తన స్నేహితులు ఎక్కడున్నారు, తాను చదువుకున్న కాలేజీ ఏ ఊళ్లో ఉంది, తన పేరిట ఉన్న స్థలం ఎక్కడ ఉంది అన్నవాటిని బట్టి ఆయన నిర్ణయిస్తాడు. ఆ ఇంట్లో చివరి పదేళ్లో పదిహేనేళ్లో ఒంటరిగా గడపబోయే మనిషిని అందరికన్నా ఆఖరున అడుగుతారు.

ఆ మనిషికి ఏమి కావాలో ఆలోచిస్తే జాబితా చిన్నదే. కాగితాల పని ఇప్పుడు చాలావరకు తేలికైంది. పింఛనుదారులు ప్రతి నవంబరులో ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్‌ను పోస్ట్‌మ్యాన్ ఇంటికి వచ్చి వేలిముద్రతో నమోదు చేసే సౌకర్యం ఉంది. కుటుంబ పింఛను తీసుకునే భార్యకూ అది వర్తిస్తుంది. తేలిక కానివి వేరే. కారు నడపకుండా, ఎవరినీ బతిమాలకుండా కూరగాయలు, మందులు తెచ్చుకోగలగాలి. రెండు రోజులు గుమ్మం తెరవకపోతే ఎందుకు తెరవలేదని తలుపు తట్టే మనిషి ఉండాలి. లిఫ్టు ఆగినా, నీళ్ల ట్యాంకరు రాకపోయినా ఇంట్లో చిక్కుకుపోకూడదు. సాయంత్రం వెళ్లి కూర్చోవడానికి, టీవీ కాకుండా, ఒక చోటు ఉండాలి.

ఈ కొలతతో చూస్తే హైదరాబాద్ ఒక్క ఊరు కాదు, రెండు ఊళ్లు. పదవీ విరమణ డబ్బు చేతికి రాగానే ఎక్కువమంది కొంటున్నది కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు. అక్కడి గేటెడ్ కమ్యూనిటీలలో భద్రత బాగుంటుంది, అంబులెన్సు సులువుగా లోపలికి వస్తుంది, లోపలే నడక దారి ఉంటుంది. దంపతులిద్దరూ ఉన్నంతకాలం అది సుఖమైన జీవితమే. కానీ గేటు దాటితే నడిచి వెళ్లగల దుకాణం ఉండదు. ప్రతి చిన్న పనికీ క్యాబ్ పిలవాలి, లేదా ఫోనులో ఆర్డరు పెట్టాలి. పొరుగువారిలో ఎక్కువమంది ఐటీ ఉద్యోగాల చిన్న కుటుంబాలవారు. వారు మర్యాదస్తులే, కానీ పగలు ఇంట్లో ఉండరు, మూడేళ్లకొకసారి అద్దెకున్నవారు మారిపోతుంటారు. నీటి సంగతి సరేసరి: నగరానికి వచ్చే కృష్ణా నీటిని నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీటిని ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసి తేవలసి ఉండగా, శివార్లలోని పెద్ద సముదాయాలు వేసవిలో బోర్లు ఎండగానే ట్యాంకర్ల మీద పడతాయి. ముప్పయ్యో అంతస్తులో ఒంటరిగా ఉన్న డెబ్బై ఎనిమిదేళ్ల స్త్రీకి ఇవన్నీ అసోసియేషన్ సమావేశాలలో కొట్లాడి సాధించుకోవలసిన విషయాలవుతాయి.

రెండో హైదరాబాద్ వేరు. నల్లకుంట, విద్యానగర్, చిక్కడపల్లి, పద్మారావునగర్ వంటి పాత కాలనీలలో ఇప్పటికీ సందు చివర మందుల దుకాణం, దాని పక్కన కర్రీ పాయింట్, ఎదురుగా గుడి కనిపిస్తాయి. జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) వరకు నడిచే మెట్రో మార్గంలో గాంధీ ఆసుపత్రి, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లున్నాయి. ఆ మార్గానికి దగ్గరలో ఉన్నవారికి సొంత వాహనం లేని లోటు పెద్దగా తెలియదు. సాయంత్రానికి త్యాగరాయ గానసభ ఉంది, నగర కేంద్ర గ్రంథాలయం ఉంది, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. ఒక కచేరీకో పుస్తకావిష్కరణకో వెళ్లి తెలిసినవారిని నలుగురిని పలకరించి రావడానికి తెలుగు నగరాలలో ఇంతకు మించిన ప్రాంతం నాకు తెలియదు. అయితే అక్కడ దొరికేవి ఎక్కువగా లిఫ్టు లేని పాత అపార్ట్‌మెంట్లు, లేదా పాత ఇంటిని పడగొట్టి ఇరుకుగా కట్టిన కొత్తవి. నీరు చాలాచోట్ల రోజు విడిచి రోజు వస్తుంది. వాహనాల రొద తెల్లవారకముందే మొదలవుతుంది. ఇన్ని ఉన్నా, హైదరాబాద్‌లోనే ఉండాలనుకునేవారికి నేను చెప్పేది ఈ రెండో హైదరాబాద్ గురించే. విచిత్రమేమిటంటే, అక్కడ సొంత ఇల్లు ఉన్నవారే దాన్ని అమ్మి కోకాపేటకు పోతున్నారు.

విశాఖ విషయంలోనూ ఈ విభజన కొంతవరకు ఉంది. మధురవాడ పైన కడుతున్న ఎత్తైన భవనాలకు కోకాపేట గురించి చెప్పినదంతా వర్తిస్తుంది. నేను మేలంటున్నది ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు, సీతమ్మధార, లాసన్స్ బే వంటి మధ్య ప్రాంతాలను. ఎంవీపీ కాలనీ సెక్టార్లుగా వేసిన కాలనీ కనుక దారులు తిన్నగా ఉంటాయి, ఎక్కువ చోట్ల నేల చదునుగా ఉంటుంది. అక్కడి రైతుబజారుకు పొద్దున్నే సంచి పట్టుకుని నడిచి వెళ్లే వృద్ధులను చూస్తే, ఆ బజారు ఒంటరి మనుషులకు ఎంత తోడో తెలుస్తుంది. ధర అడిగే వంకతో రోజూ పది మందితో మాట్లాడవచ్చు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కొంత మేర వాహనాలు ఆపివేస్తారు కనుక నడకకు భయం లేదు. ఒకే వేళకు వచ్చేవారు కొద్ది వారాలలోనే ఒక జట్టు అవుతారు, ఒకరు రాకపోతే మిగిలినవారు ఫోను చేస్తారు. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం, ఎంవీపీ పక్కనే కళాభారతి, బీచ్ రోడ్డులో రామకృష్ణ మిషన్ ఆశ్రమం సాయంత్రాలకు సరిపోతాయి. హైదరాబాద్‌తో పోలిస్తే కార్యక్రమాలు తక్కువే, కానీ వెళ్లిరావడానికి పట్టే సమయమూ తక్కువే.

విశాఖ లోపాలు చిన్నవి కావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా నగరం మీదకే వచ్చింది. ఆ తరువాత కరెంటు, నీళ్లు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అప్పుడు ఐదారు అంతస్తుల పైన ఉన్న వృద్ధులు బకెట్లతో నీళ్లు మోయించుకున్నారు. 2020 మే 7న నగర శివారు వెంకటాపురంలోని ఒక కర్మాగారం నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకై 12 మంది చనిపోయారు. పోర్టుకు దగ్గరగా ఉన్న పాత నగరంలో బొగ్గు, ఇనుప ఖనిజపు దుమ్ము ఏళ్ల తరబడి ఉన్న ఫిర్యాదు. నగరానికి తనదైన పెద్ద నది లేదు. ఏలేరు జలాశయం నుంచి 150 కిలోమీటర్ల దూరం కాలువలో వచ్చే నీటిని ఉక్కు కర్మాగారంతో పంచుకోవాలి. అందుకే విశాఖలో ఇల్లు చూసేవారు పోర్టుకు, పరిశ్రమలకు దూరంగా, రెండో అంతస్తు దాటకుండా, మెట్లెక్కి దిగగలిగే ఇల్లు చూసుకోవాలి. సముద్రం కనబడుతుందని పదో అంతస్తు కొనడం నాకు ససేమిరా నచ్చదు. ఉప్పుగాలికి ఏసీ, గేటు, కిటికీ ఊచలు తుప్పు పట్టడం మరో ఖర్చు.

పిల్లల సంగతి తప్పక వస్తుంది. వారు విదేశాలలో ఉంటే శంషాబాద్‌లో దిగి ఇంటికి రావడం సులువనేది హైదరాబాద్ పక్షాన బలమైన వాదన. కానీ ఏడాదికి ఒకసారి వచ్చే పిల్లల ప్రయాణ సౌకర్యం కోసం మిగిలిన 11 నెలలు మన నిత్య జీవితాన్ని కష్టపెట్టుకోవడం సబబు కాదు. కొడుకో కూతురో హైదరాబాద్‌లోనే స్థిరంగా ఉంటే మాత్రం మాట వేరు: వారి ఇంటికి నడక దూరంలో, వేరే గుమ్మం పెట్టుకుని ఉండటానికి మించినది లేదు. ‘స్థిరంగా’ అన్న మాటను నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే ఐటీ ఉద్యోగి చిరునామా పునాది మీద తల్లిదండ్రులు ఇల్లు కట్టుకోలేరు. లేకపోతే, సికింద్రాబాద్, విశాఖల మధ్య 2023 జనవరి నుంచి నడుస్తున్న వందే భారత్ ఎనిమిదిన్నర గంటలలో చేరుస్తుంది, విమానం గంట పైన కొద్ది నిమిషాలే.

ఒక చిన్న విషయం: మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఉంది. ఇది ఏ రాష్ట్రంలో నివాసముంటే ఆ రాష్ట్రంలోనే వర్తిస్తుంది కనుక మారగానే ఆధార్‌లో చిరునామా మార్పించుకోవాలి.

మిగిలిన ఊళ్ల గురించి కూడా అడుగుతుంటారు. విజయవాడ రైళ్లకు, బస్సులకు కూడలి, కానీ వేసవి భరించడం కష్టం; 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచిన ప్రాంతాలను తప్పించి చూసుకోవాలి. తిరుపతి భక్తులకు సరే. రాజమహేంద్రవరం నాకు ఇష్టమైన ఊరే, పెద్ద జబ్బు చేస్తే ఊరు దాటాలి. సొంత పల్లెలో అన్నదమ్ములు ఇంకా ఉంటే ఆలోచించవచ్చు. తాళం వేసిన ఇళ్లే మిగిలితే వద్దు.

మా విషయంలో నిర్ణయం చేసింది నా భార్య. ఆమె అక్కగారు పెదవాల్తేరులో ఉంటారు, మా ఇంటికి రెండు వీధుల దూరం. నాకు హైదరాబాద్‌లో స్నేహితులు ఎక్కువ, గానసభ కచేరీలు ఇప్పటికీ గుర్తొస్తాయి. కానీ నేను లేని రోజున ఆమెకు నా స్నేహితుల వల్ల ఒరిగేది ఏమీ లేదు. ఇదే తర్కం మీ ఇంట్లో నల్లకుంటకో మల్కాజిగిరికో దారి తీస్తే నాకు అభ్యంతరం లేదు. ఏ ఊరైనా కొనేముందు ఒక ఏడాది అద్దెకుండి, ఆ ఏడాదిలో విశాఖ అయితే అక్టోబరు, నవంబరు తుపానుల నెలలను, హైదరాబాద్ అయితే ఏప్రిల్, మే నెలల నీటి ఎద్దడిని చూసి తీరాలి. ఇల్లు ఇద్దరి పేరిట రిజిస్టరు చేయించాలి. పిల్లల పేరిట గిఫ్ట్ డీడ్ రాయాలని మనసు లాగితే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, బతికున్నంతకాలం పోషించాలన్న షరతును అందులో స్పష్టంగా రాయించకుండా సంతకం పెట్టవద్దు.